బండి మీది పాత స్టిక్కర్లను పెయింటు దెబ్బతినకుండా తీయడం ఎలా?

ఓరుగల్లు_పయనం:

సభ్యులందరికీ నమస్కారం. మా బాబాయి చాలాకాలం నడిపిన 2013 నాటి నల్ల పల్సర్ 150 ఇప్పుడు నా దగ్గరకు వచ్చింది. ఇంజను బాగుంది, టైర్లు కొత్తవి వేయించాను, కానీ బండి ఒంటి నిండా స్టిక్కర్లే ఉన్నాయి. ట్యాంకుకు రెండు వైపులా రేడియం మంటల బొమ్మలు, సైడ్ ప్యానెళ్ల మీద పిల్లల పేర్లు, వెనక తోక మీద ఒక సినిమా హీరో ముఖం, ముందు మడ్‌గార్డు మీద షోరూం వాళ్ల చిరునామా, హెడ్‌లైటు డూమ్ మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్నాయి. వీటన్నిటినీ తీసేసి బండిని ఒట్టి నలుపులో చూసుకోవాలని నా కోరిక. అయితే కొన్ని ఎండకు పెళుసెక్కిపోయి, గోటితో గీరితే పొట్టులా రాలుతున్నాయే తప్ప ముక్కగా ఊడి రావడం లేదు.

మా వీధి మెకానిక్ థిన్నర్ పోసి తుడిచేయమంటున్నాడు. ఒక మిత్రుడు హీట్ గన్ తెచ్చిస్తానంటున్నాడు. ఇంకొకరు కొత్త బ్లేడుతో గీకమన్నారు. బండి ఒకసారి ఎడమ వైపుకు పడినప్పుడు ట్యాంకుకు ఆ పక్క మళ్లీ రంగు వేయించినట్లు బాబాయి చెప్పారు. ఈ మూడు పద్ధతుల్లో ఏది మేలో, ఇవి కాక వేరే దారి ఉందో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

విశాఖ_గాలి:

బ్లేడు జోలికి మాత్రం వెళ్లకండి. అద్దం మీద స్టిక్కరు తీయడానికి బ్లేడు పనికొస్తుంది, ఎందుకంటే అద్దం చదునుగా ఉంటుంది. ట్యాంకు గుండ్రంగా ఉంటుంది కాబట్టి బ్లేడు అంచు పూర్తిగా ఆనదు, మూలలు మాత్రమే దిగుతాయి. ఆ గీత లాకరును, అంటే రంగు పైన కొట్టే పారదర్శకమైన పొరను, దాటితే మళ్లీ పాలిష్‌తో పోదు. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచును కాస్త అరగదీసి వాడితే చాలు, అది పెయింటు కంటే మెత్తన.

ఏ పద్ధతి పాటించినా ముందు బండిని షాంపూ నీళ్లతో శుభ్రంగా కడగండి. స్టిక్కరు అంచుల చుట్టూ పేరుకున్న దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. కడగకుండా గుడ్డతో రుద్దితే ఆ ఇసుకే గీతలు పెడుతుంది.

రంగులకొట్టు:

ఓరుగల్లు గారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో బండ్లకు రంగులు వేసే పని చేస్తాను. ఎలా తీయాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. దేని మీద నుంచి తీస్తున్నారన్నది ముందు తేల్చుకోవాలి. మీ బండి మీద కనీసం మూడు రకాల ఉపరితలాలు ఉన్నాయి, ఒకదానికి పనికొచ్చేది మరొకదాన్ని పాడు చేస్తుంది.

మొదటిది, కుడి వైపు ట్యాంకు. అది కంపెనీ రంగు. ఫ్యాక్టరీలో ఇనుప భాగాలకు వేసిన రంగును ఓవెన్‌లో, సాధారణంగా 120 డిగ్రీల సెల్సియస్ పైన, కాలుస్తారు. అందువల్ల ఆ పొర లోపల ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడుతుంది. కిరసనాయిలు, టర్పెంటైన్, స్పిరిట్ వంటివి కాసేపు తగిలినా దానికి ఏమీ కాదు. రెండోది, సైడ్ ప్యానెళ్లు, తోక, డూమ్. ఇవి ప్లాస్టిక్ మీద వేసిన రంగు. ప్లాస్టిక్ వంగిపోతుంది కాబట్టి ఫ్యాక్టరీలో కూడా వాటిని తక్కువ వేడిలోనే ఆరబెడతారు. వీటికి హీట్ గన్ అన్నా, థిన్నర్ అన్నా ప్రమాదమే. మూడోది, ఎడమ వైపు ట్యాంకు. ఇది బయట వేయించిన రంగు, మీరు అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది దీని గురించే.

బయట వేసే రంగుల్లో రెండు రకాలున్నాయి. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే రంగు ఆరాక కంపెనీ రంగుకు దగ్గరగా గట్టిపడుతుంది. చవకగా అయిపోవాలని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు కొట్టిస్తే మాత్రం, అది థిన్నర్ ఆవిరైపోవడం వల్ల ఆరిన రంగే తప్ప లోపల మారిన రంగు కాదు. ఎన్నేళ్ల తర్వాత థిన్నర్ తగిలినా మళ్లీ కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. మీ మెకానిక్ చెప్పిన సలహా ఎడమ వైపు పాటిస్తే స్టిక్కరుతో పాటు రంగూ లప్పమూ కలిసి వస్తాయి.

మీది ఏ రంగో తెలుసుకోవడం కష్టం కాదు. సీటు తీసి, ట్యాంకు వెనక అంచు కింద, ఎవరికీ కనబడని చోట, దూదికి ఒక్క చుక్క థిన్నర్ అద్ది తేలికగా రుద్దండి. దూది నల్లబడితే అది ఎన్‌సీ రంగు. అయితే రంగు వేసినవారు ఆ చివరి దాకా వేయకపోయి ఉండవచ్చు, కాబట్టి పెట్రోల్ మూత చుట్టూ కూడా చూడండి. పెట్రోల్ పోసేటప్పుడు ఒలికిన చోట్ల రంగు ఉబ్బి, ముడతపడి, రింగులా లేచి ఉంటే సందేహించనక్కరలేదు. అటువంటి ట్యాంకు మీద పైన లాకరు ఉన్నా అది పలచటి లాకరే అయి ఉంటుంది.

ఇంకొక పరీక్ష కూడా చేయాలి. స్టిక్కరు లాకరుకు పైన ఉందా, కింద ఉందా చూడండి. అంచు మీదుగా గోటిని అడ్డంగా లాగితే గోరు తట్టుకొని ఆగాలి. చేతికి సన్నటి మెట్టులా తెలుస్తున్నా, గోరు ఆగకుండా జారిపోతోందంటే ఆ స్టిక్కరు మీద లాకరు కొట్టి ఉందని అర్థం. టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే, లాకరు కింద ఉన్నవాటి మీద మెరుపు ఎక్కడా తెగకుండా సాగుతుంది. అటువంటిది వేడికీ రాదు, నూనెకూ రాదు. వాటర్ పేపర్‌తో, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితంతో, లాకరును అరగదీసి, స్టిక్కరును తీసి, మళ్లీ రంగు వేయవలసిందే. దాన్ని ఇంట్లో కదపకండి. మీ బాబాయి గారు తర్వాత అంటించుకున్న రేడియం బొమ్మలన్నీ పైనే ఉంటాయి, కంపెనీ గీతలను మాత్రం ఒక్కొక్కదాన్నీ పరీక్షించండి.

రేడియం_కటింగ్:

రంగులకొట్టు గారు పెయింటు సంగతి చెప్పారు, స్టిక్కరు సంగతి నేను చెబుతాను. మాకు రాజమహేంద్రవరంలో నంబరు ప్లేట్లు, రేడియం కటింగ్ చేసే దుకాణం ఉంది. అందరూ రేడియం అని పిలిచేవాటిలో చాలా వరకు మామూలు రంగు వినైల్ షీట్లు, కొన్ని మాత్రమే నిజంగా రాత్రి లైటు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ షీట్లు. ఈ రెండూ ఊడే తీరు వేరు.

మామూలు వినైల్‌ను గోరువెచ్చగా చేస్తే సాగుతుంది, అంచు దొరికిందంటే మెల్లగా మొత్తం వస్తుంది. రిఫ్లెక్టివ్ షీటులో పైన పారదర్శకమైన పొర, కింద వెండిలా మెరిసే పొర, దాని కింద జిగురు ఉంటాయి. పాతబడ్డాక పై పొర ఒక్కటే లేచి వచ్చి, వెండి పొర జిగురుతో సహా బండికే పట్టుకుంటుంది. మీ ట్యాంకు మీది మంటల బొమ్మలు రాత్రి మెరుస్తుంటే వాటికి రెండు విడతల పని పడుతుందని ముందే అనుకోండి. ముందు పై పొర తీసి, తర్వాత మిగిలిన వెండి పొరను తడిపి నానబెట్టి కార్డుతో తోయాలి. పై పొర ఉండగా ఎంత నూనె పోసినా లోపలికి దిగదు.

షోరూం వాళ్లు అంటించే చిరునామా స్టిక్కరు సాధారణంగా పలచనిది, తేలికగా వస్తుంది. కాగితం స్టిక్కరైతే సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డ కప్పి ఉంచితే చాలు. మీటరు పక్కన అంటించే ఉబ్బెత్తు బొమ్మలు, అక్షరాల బ్యాడ్జీలు స్పాంజి టేపు మీద ఉంటాయి. వాటిని పైకి పీకకూడదు. గాలానికి వాడే నైలాన్ దారాన్ని వెనక నుంచి దూర్చి, రెండు చేతులతో రంపంలా అటూ ఇటూ లాగితే స్పాంజి మధ్యలో తెగిపోతుంది. అయితే బ్యాడ్జీకి కింద పిన్నులు ఉన్నాయేమో చూసుకోవాలి. పిన్నులుంటే దారం అక్కడ ఆగుతుంది, బలవంతం చేయకండి.

కరీంనగర్_350:

హీట్ గన్ తక్కువలో పెట్టుకొని దూరంగా పట్టుకుంటే తొందరగా అయిపోతుంది. నేను మడ్‌గార్డులకు అలాగే చేస్తుంటాను. ట్యాంకులో పెట్రోల్ ఖాళీ చేసి చేసుకోవచ్చు కదా?

రంగులకొట్టు:

కరీంనగర్ గారూ, విప్పి పక్కన పెట్టిన ఇనుప మడ్‌గార్డు విషయంలో మీ మాట కాదనను. ట్యాంకు విషయంలో మాత్రం ఈ సలహాను ఎవరూ పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. పెట్రోల్ ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. అంటుకునేది ద్రవం కాదు, దాని ఆవిరి. ఖాళీ ట్యాంకు నిండా గాలీ ఆవిరీ కలిసి ఉంటాయి. నీరు గడ్డకట్టే చలిలో కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. ట్యాంకు మూతకు గాలి ఆడే సన్నటి రంధ్రం ఉంటుంది, వేడి చేసే కొద్దీ అందులోంచి ఆవిరి బయటకు వస్తుంది. హీట్ గన్‌లోనూ హెయిర్ డ్రయ్యర్‌లోనూ లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది, వాటి మోటార్లలో నిప్పురవ్వలు కూడా పుట్టవచ్చు. పెట్రోల్ ఆవిరినీ ఈ పరికరాలనూ ఒకచోట చేర్చకూడదు.

హీట్ గన్ నుంచి వచ్చే గాలి రకాన్ని బట్టి 300 నుంచి 600 డిగ్రీల దాకా వేడిగా ఉంటుంది. స్టిక్కరు జిగురు మెత్తబడటానికి 50, 60 డిగ్రీలు చాలు. ప్యానెళ్లకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటిన కాసేపటికే ఆకారం కోల్పోతుంది. చేతిలో ఉన్నది అంత వేడి పుట్టించే పరికరమైనప్పుడు, ఒక్క క్షణం చెయ్యి ఆగిందంటే లాకరు బుడగ కడుతుంది.

కాబట్టి ట్యాంకుకు వేడి నీళ్ల గుడ్డ వాడండి. తువ్వాలును చేయి పట్టేంత వేడి నీళ్లలో ముంచి, పిండి, స్టిక్కరు మీద పరచి, చల్లారుతుంటే మారుస్తూ ఉండండి. మన దగ్గర ఎండాకాలంలో అయితే ఈ శ్రమ కూడా అక్కర్లేదు, మధ్యాహ్నం ఎండలో కాసేపు నిలబెట్టిన నల్ల ట్యాంకు తనంతట తానే చాలినంత వేడెక్కుతుంది. అప్పుడు బండిని నీడకు తెచ్చి పని మొదలుపెట్టండి. ఎండలోనే ఉండి చేస్తే తర్వాత వాడే నూనె, స్పిరిట్ వెంటనే ఆరిపోయి మరకలు పడతాయి.

ప్యానెళ్లను బండి నుంచి విప్పి, దూరంగా గదిలో పెట్టుకొని హెయిర్ డ్రయ్యర్ వాడుకోవచ్చు. జానెడు దూరంలో పట్టుకొని కదుపుతూ ఉండండి. మీ వేళ్లు రెండు మూడు సెకన్లు ఆనించి ఉంచగలిగినంత వేడి దాటనివ్వకండి. విప్పేటప్పుడు ప్యానెల్‌ను వంచకుండా నేరుగా లాగండి, రబ్బరు బుష్‌లలో దిగే కొమ్ములు పాతబడితే తేలికగా విరుగుతాయి.

కెమిస్ట్రీ_మాస్టారు:

రంగులకొట్టు గారి మాటకు నా పూర్తి మద్దతు. స్టిక్కర్లు పెళుసెక్కడానికి కారణం కూడా చెప్పుకుందాం, దాన్ని బట్టి పని తీరు మారుతుంది. వినైల్ అంటే పీవీసీ. అది స్వభావరీత్యా గట్టి ప్లాస్టిక్, దాన్ని మెత్తగా చేయడానికి నూనె వంటి మెత్తనకారిని కలుపుతారు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఆ మెత్తనకారి కొంత ఆవిరై పోతుంది, కొంత జిగురులోకి దిగుతుంది. అప్పుడు పైన ఉన్నది పెళుసైన పెంకు, కింద ఉన్నది జిడ్డు ముద్ద. అందుకే మీ స్టిక్కర్లు పొట్టులా రాలుతూ జిగురును వదిలేస్తున్నాయి. అటువంటివాటిని వేడితో ఒకే ముక్కగా తీయాలని పట్టుపట్టకుండా, వేడి చేసి వచ్చినంత తీసి, మిగిలినదాన్ని జిగురును కరిగించే ద్రవంతో తీయడమే మార్గం.

ద్రవాల విషయంలో బలహీనమైనదానితో మొదలుపెట్టి అవసరమైతేనే పై మెట్టుకు వెళ్లాలి. మొదట కొబ్బరి నూనె. దూదిని తడిపి జిగురు మీద అంటించినట్లు ఉంచి, కాసేపు ఆగి, బొటనవేలితో దొర్లిస్తే జిగురు ఉండలు కడుతుంది. దానికి లొంగకపోతే కిరసనాయిలు, టర్పెంటైన్, లేదా డబ్ల్యూడీ-40 అనే స్ప్రే వాడండి. ఈ మూడూ పెట్రోలియం లేదా దాని పోలిక గల ద్రవాలే, ఆరిన రంగును సాధారణంగా కరిగించవు. అయినా ముందు మరుగున ఉన్న చోట పరీక్షించాకే వాడాలి. ఆ తర్వాత మిగిలిన పలచటి మసకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవవచ్చు. అసిటోన్, గోళ్ల రంగు తీసే ద్రవం, ఎన్‌సీ థిన్నర్, ఈ మూడింటినీ బండి దగ్గరకే తీసుకురాకండి. అసిటోన్ ఏబీఎస్ ప్లాస్టిక్‌ను నేరుగా కరిగిస్తుంది. రంగు పొర ఎక్కడైనా పగిలి ఉంటే ఆ సందులోంచి ప్లాస్టిక్‌కు చేరుతుంది.

పెట్రోల్‌తో తుడవమని చాలామంది చెబుతారు. అది పని చేస్తుంది, కానీ నిప్పు భయం ఒకటి, అందులో ఉండే బెంజీన్ చర్మానికీ ఊపిరికీ మంచిది కాకపోవడం రెండోది. కిరసనాయిలు చేసే పనికి పెట్రోల్ ఎందుకు?

మెల్బోర్న్_తెలుగు:

మాస్టారి జాబితాకు నీలగిరి తైలాన్ని చేర్చవచ్చు. ఇక్కడ ఆస్ట్రేలియాలో సూపర్ మార్కెట్లలో అది సీసాల్లో దొరుకుతుంది, స్టిక్కరు జిగురు తీయడానికి ఇళ్లలో అందరూ వాడే వస్తువే. మన దగ్గర మందుల దుకాణాల్లో జలుబుకు అమ్మే తైలం అదే. కొబ్బరి నూనెకు లొంగని జిగురు చాలావరకు దీనికి లొంగుతుంది. కానీ ఇది నూనె అనే పేరున్న ద్రావకం, ప్లాస్టిక్ మీద ఎక్కువసేపు నాననివ్వకండి. తుడిచిన వెంటనే షాంపూ నీళ్లతో కడిగేయాలి.

ఓరుగల్లు_పయనం:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన పరీక్షలు చేశాను. కుడి వైపు దూదికి రంగు రాలేదు. ఎడమ వైపు పెట్రోల్ మూత పక్కన ముడతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, దూదీ నల్లబడింది. కంపెనీ గీతల మీద గోరు జారిపోతోంది కాబట్టి వాటిని అలాగే ఉంచేస్తున్నాను.

సైడ్ ప్యానెళ్లు విప్పి హెయిర్ డ్రయ్యర్‌తో పిల్లల పేర్లు తీశాను, దాదాపు శుభ్రంగా వచ్చాయి. కుడి ట్యాంకు మీద రేడియం_కటింగ్ గారు చెప్పినట్లే పై పొర ఊడి, వెండి పొర మిగిలింది. కిరసనాయిలు తడిపిన దూది కప్పి ఉంచాక కార్డుతో తోస్తే మెత్తటి మట్టిలా కదిలి వచ్చింది. ఎడమ వైపే చిక్కు వచ్చింది. ఎండలో వేడెక్కించి మంట బొమ్మ కొసను పట్టుకొని లేపగానే, ఆ కొస కింద గోరంత మేర రంగు స్టిక్కరుతో పాటు లేచింది. కింద బూడిద రంగు కనబడుతోంది. వెంటనే ఆపేశాను. ఇప్పుడేం చేయాలి?

రంగులకొట్టు:

ఆపడమే సరైన పని. లేచిన కొసను మళ్లీ నొక్కి పెట్టండి. కింద కనబడుతున్న బూడిద రంగు ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత. అంటే రంగుకూ ప్రైమరుకూ పట్టు సరిగా కుదరలేదు, రంగుకూ జిగురుకూ ఉన్న పట్టు దానికంటే బలంగా ఉంది. ఈ పరిస్థితిలో మీరు ఎటు లాగినా బలహీనమైన చోటే తెగుతుంది. కాబట్టి లాగడం మానేసి, జిగురును బలహీనపరచాలి.

కొస వైపు నుంచి కాకుండా, దానికి ఎదుటి చివర నుంచి మొదలుపెట్టండి. అంచు వెంబడి కిరసనాయిలు దూదితో నానబెట్టండి, అది స్టిక్కరు కిందకు పాకుతుంది. తొందరపడకండి. వేలితో నొక్కితే స్టిక్కరు కింద జారుతున్నట్లు అనిపించినప్పుడే కార్డును పడుకోబెట్టి లోపలికి తోయండి. లేచిన భాగాన్ని కత్తెరతో సన్నటి పట్టీలుగా కత్తిరించుకుంటే ఒక్కో పట్టీ మీద పడే లాగుడు తగ్గుతుంది. పట్టీని నిటారుగా పైకి లాగకూడదు. వెనక్కి మడిచి, ట్యాంకుకు ఆనుకున్నట్లుగా, దానంతట అదే వదులుతోందన్నంత నిదానంగా లాగాలి. నిటారుగా లాగితే బలమంతా ఒక గీత మీద పడి రంగును పైకి ఎత్తుతుంది. ఇక్కడ వేడి కూడా వద్దు, వేడికి ఎన్‌సీ రంగు మెత్తబడుతుంది.

రంగు పోయిన గోరంత చోటును అలాగే వదిలేయకండి. ప్రైమరు నీటిని పూర్తిగా ఆపదు, వానాకాలం గడిచేసరికి దాని కింద తుప్పు మొదలవుతుంది. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, నల్ల టచప్ రంగును సన్నటి కుంచెతో పలచగా రెండు మూడు సార్లు వేయండి. ఒక్కసారే మందంగా వేస్తే అంచుల్లో గడ్డ కడుతుంది.

పాతబండ్లు_ప్రియం:

ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి. తొలగించే ముందు కంపెనీ స్టిక్కర్ల విలువ ఆలోచించండి. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్లకు ఇప్పుడు అసలు స్టిక్కర్లు ఉన్న ట్యాంకు దొరకడమే గగనం. బజారులో దొరికే నకలు స్టిక్కర్లలో అక్షరాల లావు, గీతల రంగు తేడాగా ఉంటాయి, తెలిసినవారు చూడగానే గుర్తుపడతారు. పాత బండి కొన్న ఉత్సాహంలో అన్నీ ఊడదీసి మెరిసే నలుపు కొట్టించినవి చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్యాంకుల మీద బంగారు రంగు గీతలైతే కొన్ని మోడళ్లలో చెన్నై ఫ్యాక్టరీలో చేత్తో గీసినవి, అవి స్టిక్కర్లే కావు. స్టిక్కరు అనుకొని వాటి మీద థిన్నర్ పెట్టే ప్రమాదం ఉంది. తీయక తప్పని పక్షంలో ముందుగా కొలబద్ద పక్కన పెట్టి నేరుగా ఫొటోలు తీసి, అంచుల నుంచి దూరాలు రాసి పెట్టుకుంటే తర్వాత అదే చోట మళ్లీ వేయించుకోవచ్చు.

ఓరుగల్లు_పయనం:

రంగులకొట్టు గారూ, మీరు చెప్పినట్లే కిరసనాయిలుతో, పట్టీలుగా కత్తిరించి తీస్తే ఎడమ వైపు మిగతా రంగు నిలిచింది. ఆ చిన్న చోట టచప్ వేశాను. ఇప్పుడు కుడి ట్యాంకు మీద స్టిక్కరు లేదు, జిగురూ లేదు, కానీ ఏటవాలుగా చూస్తే మంటల బొమ్మ ఆకారం ఇంకా కనబడుతోంది. బొమ్మ ఉన్న చోట నలుపు చిక్కగా, చుట్టూ కాస్త వెలిసినట్లుగా ఉంది. దీనికి మార్గం ఉందా?

రంగులకొట్టు:

దాన్ని మేము నీడ అంటాం. అందులో మూడు సంగతులు కలిసి ఉండవచ్చు. అంచు వెంబడి మిగిలిన సన్నటి జిగురు గీత ఒకటి, చుట్టూ ఉన్న లాకరు ఎండకు మసకబారడం రెండోది, అసలు రంగే వెలిసిపోవడం మూడోది. మొదటి రెండూ పోతాయి. మూడోది పోదు. మీది నలుపు కాబట్టి చాలావరకు రెండో రకమే అయి ఉంటుంది. ఎరుపు బండ్లకైతే ఇంత ధైర్యంగా చెప్పలేను, ఎరుపు తొందరగా వెలుస్తుంది, స్టిక్కరు కింద మాత్రం కొత్తగా ఉంటుంది.

రబ్బింగ్ కంపౌండ్‌ను (పై పొరను సన్నగా అరగదీసే ముద్దను) స్పాంజి మీద శనగగింజంత తీసుకొని, నీడ ఉన్న చోట కాదు, దాని చుట్టూ వెలిసిన చోట రుద్దడం మొదలుపెట్టండి. అందరూ బొమ్మ ఉన్న చోటే రుద్ది, బాగున్న లాకరును అరగదీస్తారు. చుట్టూ ఉన్నది నునుపు తేరి లోపలి రంగుకు దగ్గరైతే తేడా దానంతట అదే తగ్గుతుంది. ట్యాంకు మీద మడతలా లేచిన అంచు గీతల మీద రంగు పలచగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేపు వేసుకోండి. గుడ్డకు నలుపు అంటుతుంటే వెంటనే ఆపండి. లాకరు లేదని, లేదా అది అరిగిపోయి రంగు తగులుతోందని దాని అర్థం. లాకరు మొత్తం మందం సుమారు 40, 50 మైక్రాన్లే, అంటే తల వెంట్రుక కంటే పలచన. అందులో ఎండను ఆపేది ఎక్కువగా పై భాగమే. అందుకని నీడ పూర్తిగా పోయేదాకా పట్టుపట్టకండి. మూడు వంతులు తగ్గితే పాలిష్ చేసి, మైనం వేసి వదిలేయండి. ఇకపై రెండు చోట్లా ఒకే ఎండ తగులుతుంది కాబట్టి మిగిలిన తేడా కొంత కాలంలో తగ్గుతుంది.

ఎడమ వైపు ఎన్‌సీ రంగు మీద కంపౌండ్ వాడవద్దు. మెత్తటి పాలిష్ ఒక్కటి చాలు.

రేడియం_కటింగ్:

ఆ చోట మళ్లీ ఏదైనా స్టిక్కరు వేయించుకునే ఆలోచన ఉంటే మైనం వేయకండి, దాని మీద జిగురు పట్టదు. స్పిరిట్‌తో తుడిచిన పొడి ఉపరితలం కావాలి. అలాగే కొత్తగా రంగు వేయించిన ట్యాంకు మీద వెంటనే స్టిక్కరు వేయించకండి, రంగులోని ద్రావకం పూర్తిగా వెళ్లిపోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మూసేస్తే బుడగలు వస్తాయి, తర్వాత తీసేటప్పుడు రంగు లేచి వస్తుంది. మీ ఎడమ వైపు రంగు అలా పట్టు తప్పడానికి అది కూడా ఒక కారణం అయి ఉండవచ్చు.

గోదారి_గట్టు:

ఇదే చర్చలో నాదొక సందేహం. నంబరు ప్లేటు మీద పాత యజమాని అంటించిన ఒక సంస్థ గుర్తు ఉంది. అది హై సెక్యూరిటీ ప్లేటు. దానికీ కిరసనాయిలు వాడవచ్చా? తెలంగాణ బండి కాబట్టి టీఎస్ అక్షరాలు టీజీగా మార్చాలా?

విశాఖ_గాలి:

వాడకండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తప్పనిసరి అయిన ఆ ప్లేటు మీద మెరిసే షీటు, అశోకచక్రం హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటాయి. నూనె జాతి ద్రవాలు ఆ షీటు అంచుల్లోకి దిగితే పొర లేస్తుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్ల గుడ్డ కప్పి, వేలి కొసతో నెమ్మదిగా దొర్లించండి, కార్డు కూడా వద్దు. నంబరు ప్లేటు మీద నంబరు తప్ప వేరే రాతలు, గుర్తులు ఉండకూడదు కాబట్టి దాన్ని తీసేయడం మంచిదే. టీజీ అక్షరాలు 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టరైన బండ్లకే వర్తిస్తాయి, పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి. సొంతంగా అక్షరాలు మార్చడం నేరమవుతుంది.

ఓరుగల్లు_పయనం:

నా బండి పని దాదాపు పూర్తయింది. డూమ్ మీది స్వామివారి బొమ్మ ఒక్కటే మిగిలింది. దాన్ని ముక్కలుగా గీకడానికి మనసు ఒప్పడం లేదు. చిరగకుండా తీసే ఉపాయం ఎవరైనా చెప్పగలరా?

రేడియం_కటింగ్:

డూమ్‌ను విప్పి, హెయిర్ డ్రయ్యర్‌తో బొమ్మ మొత్తాన్ని ఒకే తీరుగా వెచ్చబరచండి. నైలాన్ దారం కంటే సన్నటి కుట్టు దారాన్ని సబ్బు నీళ్లలో తడిపి, పై అంచు నుంచి కిందకు, బొమ్మకూ డూమ్‌కూ మధ్యగా లాగుతూ రండి. వినైల్ ఇంకా సాగే స్థితిలో ఉంటే చిరగకుండా వస్తుంది. వచ్చిన వెంటనే ఏదైనా కొత్త స్టిక్కరు వెనక ఉండే మైనపు కాగితం మీద పరచండి, మామూలు కాగితమైతే అంటుకుపోతుంది. జిగురు వైపు కొత్త డబుల్ టేపు వేస్తే పూజ గది తలుపుకో, బీరువాకో అంటించుకోవచ్చు. మా దగ్గరకు ఇటువంటి బొమ్మలతో వచ్చేవారికి మేము ఇలాగే తీసి చేతికిస్తాం.

కరీంనగర్_350:

మాట్ ఫినిష్ బండ్లకు కూడా ఇవే పద్ధతులా? నా తమ్ముడి బండి మాట్ బూడిద రంగు, ట్యాంకు మీద షోరూం స్టిక్కరు ఉంది.

రంగులకొట్టు:

వేడి నీళ్ల గుడ్డ వరకు అవే. ఆ తర్వాత దారి వేరు. మాట్ లాకరు పైన కంటికి కనబడని గరుకుతనం ఉంటుంది, మెరుపు లేకపోవడానికి అదే కారణం. కంపౌండ్ గానీ పాలిష్ గానీ తగిలితే ఆ గరుకు నునుపై, అక్కడొక మెరిసే మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. గట్టిగా గుడ్డతో రుద్దినా అదే జరుగుతుంది. కొబ్బరి నూనె, మైనం కూడా ఆ గరుకు సందుల్లో చిక్కుకొని నల్లటి మరకలా కనబడతాయి. జిగురు మిగిలితే దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, రుద్దకుండా అద్దుతూ తీయండి, మధ్య మధ్యలో దూది మారుస్తూ ఉండండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 బండి అయితే చాలావాటికి ట్యాంకు లోపలే పెట్రోల్ పంపు ఉంటుంది, పైపులో ఒత్తిడి ఉంటుంది. కాబట్టి స్టిక్కరు కోసం ట్యాంకును ఇంట్లో విప్పే ప్రయత్నం చేయకండి. బండి మీద ఉండగానే చేసుకోండి.